మారుపేరుల చాటున పనివారు

ఇంటి టెలివిజనుకు తగిలించుకొని యాడు వీడియో గేములలో జపాను దేశపు కొనామి సంస్థవారి "క్యాసిల్‌వేనియా" మిక్కిలి ప్రసిద్ధమైనది. నింటెండోవారి గృహయంత్రమునకై 1986వ సంవత్సరమున స్వదేశమున "అకుమాజో డ్రాకులా" యను పేర వెలువడి, మరుసటి యేట అమెరికాకు చేరినది. కొరడా చేతబట్టిన సైమన్ బెల్మాంటు అను వీరుడు 18 అంచెలు దాటి, రక్తపిశాచముల ప్రభువైన డ్రాకులాను వాని కోటలోనే సంహరింపవలెను. కథ యింతియే. కాని దీనిని తుదముట్ట నాడినవారికి చివర కనబడు పేరుల పట్టిక విచిత్రమైనది. దానిని గూర్చియే మేమిచట నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ఎరుగనివారు దీనిని బాలుర కాలక్షేపమందురు. అట్టివారొకసారి ఆ కోటమెట్లెక్కి చూడవలెను. వీరుడు ఒకసారి గాలిలోని కెగిరెనా, నేలనంటువరకు దిశ మార్చుకొనుటకు వీలులేదు. మీట నొక్కినంతనే కొరడా తగులదు. వెనుకకు విసిరి ముందునకు రావలెను. శత్రువు తాకినచో శక్తి తగ్గుటయేగాక వీరుడు వెనుకకు ఎగిరిపడును. వెనుక గొయ్యి యున్నచో ప్రాణము పోయినట్లే. అలలవలె లేచుచు పడుచు వచ్చు మెడూసా తలలకు వెరచి ఆట మానుకొన్నవారెందరో! దారిలో దొరకు హృదయాకృతులు బలము నిచ్చునని క్రొత్తవా డాశపడును. అవి బాకు, గొడ్డలి, పవిత్రజలము మున్నగు వానిని ప్రయోగించుటకు వ్యయమగు నాణెములవంటివి మాత్రమే. బలము కావలెనన్న గోడ పగులగొట్టి యందు దాచిన మాంసమును తినవలెను. (అది యెన్నినాళ్ల మాంసమో యెవరును అడుగరు.) మృత్యుదేవతను చేరుటకు ముందున్న నడవ ఈ కష్టములన్నిటికి పరాకాష్ఠ. అయినను ఇందు అన్యాయము స్వల్పము. ఏ మలుపున నే పిశాచము పొంచియున్నదో ఓడి ఓడి నేర్చుకొనవచ్చును. నేర్చినవాడు తప్పక ముందునకు పోవును.

ఇట్టి కాఠిన్యము తనంతట పుట్టదు. ఏ మెట్టుపై నేది నిలుపవలెనో, గొయ్యి వెడల్పెంత యుండవలెనో ఎవరో కూర్చుండి కొలిచి యుండిరి. సంగీతము సంగతి చెప్పనక్కరలేదు. ఆ యంత్రమున ముఖ్యముగా స్వరములకు మూడు మార్గములును, రొదకు ఒక మార్గమును మాత్రమే కలవు. అంత పేద వాద్యముపై యామషిత కినుయో, తెరషిమ సతోయే యను ఇరువురు స్త్రీలు కూర్చిన బాణీలను నేటికిని వాద్యబృందములు వాయించుచున్నవి.

కోట కూలిన పిదప తెరపై వచ్చు పేరులలో వీరిరువురును లేరు. సంగీతము "జేమ్స్ బనానా"దట! 1958వ సంవత్సరపు ఆంగ్ల డ్రాకులా చిత్రమునకు సంగీతము కూర్చిన జేమ్స్ బెర్నార్డు పేరునకు ఇది వికృతి. ఆ చిత్రదర్శకుడు టెరెన్స్ ఫిషరు ఇచట "ట్రాన్స్ ఫిషర్స్" అయినాడు. నటుడు క్రిస్టొఫర్ లీ "క్రిస్టొఫర్ బీ" అయినాడు. పాత చిత్రములపై ప్రీతితో చేసిన హాస్యమని యనవచ్చును. నవ్వుటకు మాకును అభ్యంతరము లేదు. కాని నిజముగా పనిచేసినవారి పేరులు ఈ హాస్యము వెంట రాలేదు. స్వరములు కూర్చిన స్త్రీల వంతునకు దక్కినది అరటిపండు!

ఆ కాలమున జపాను గేముల సంస్థలలో నిది పరిపాటి. ప్రత్యర్థులు నేర్పరులను ఆకర్షించుకొని పోవుదురను భయమే యిందుకు కారణమని ఆ వృత్తిలోనివారు పలుమారు చెప్పియున్నారు. మంచి పాలేరును పొరుగు ఆసామి పిలుచుకొనిపోవునని భయపడు రైతు కూలి పెంచవలెనా, పాలేరు పేరు ఊరికి తెలియకుండ దాచవలెనా? అమెరికాలోని అటారీ సంస్థయు ఈ రెండవ మార్గమునే పట్టినది. దాని ఫలమేమి? వారెన్ రాబినెట్ అను పనివాడు "అడ్వెంచర్" అను గేములో నొక రహస్యపు గది కట్టి, అందు తన పేరు వ్రాసికొనెను. మరి నలుగురు నిపుణులు 1979లో బయటకు పోయి "యాక్టివిజన్" సంస్థాపనలో పాల్గొనిరి. ఆ క్రొత్త సంస్థ గేము కల్పించినవాని పేరును బాహాటముగా ప్రకటించెను. పేరు దాచుటవలన పనివారు నిలువలేదు.

పేరునకు వెలయెంతయో ఇదే డ్రాకులా పరంపర తరువాత చూపినది. 1997లో ప్లేస్టేషనుపై వచ్చిన "సింఫనీ ఆఫ్ ది నైట్" నిర్మాణమున ఇగరాషి కోజికిని, సంగీతమున యమనె మిచిరుకును పేరు వచ్చినది. ఇగరాషి 2014లో కొనామిని వీడెను. మరుసటి యేట, అట్టిదే మరియొక గేము నిర్మింతును, ధనసహాయము చేయుడని లోకమును అర్థించెను. అరువదినాలుగు వేలమందికి పైగా కలిసి 55 లక్షల డాలర్లకు మించి యిచ్చిరి. "బ్లడ్‌స్టెయిన్డ్" 2019లో వెలువడినది. సంగీతమునకు యమనెయు తోడ్పడెను. చేతిలో గేము లేకుండగనే ఇంత ధనము వచ్చుటకు ఆధారమేమి? ఆ పేరుపై నమ్మకమే. మారుపేరుల చాటున నుండినవారు 1990లో ఇట్టి విన్నపము చేసియున్నచో, నీవెవరవని యడుగువారేగాని ఇచ్చువారుందురా?

మన శిల్పులు పేరు కోరిరా యని కొందరు వాదింతురు. పాలంపేటలో 1213వ సంవత్సరమున రేచెర్ల రుద్రుడు కట్టించిన రుద్రేశ్వరాలయమును జనులు రామప్పగుడి యనియే పిలుచుచున్నారు. రామప్ప దానిని చెక్కిన శిల్పియని ప్రతీతి. కట్టించిన సేనాని పేరు శాసనమున నిలిచినది, చెక్కినవాని పేరు జనుల నోట నిలిచినది. ఎవరి గౌరవమునకును లోపము రాలేదు. హైదరాబాదులో కూర్చుండి పరదేశపు వీడియో గేములకు పనిచేయు తెలుగు యువతీయువకులు నేడు కలరు. కావున ఈ ప్రశ్న మనకును సమీపమైనదే. కూలి యెంతయని వా రడుగునపుడు, పట్టికలో మా పేరు వచ్చునా యనియు అడుగవలెను.

కొనామివారు 2019లో ఈ మొదటి గేమును మరి కొన్నింటితో కలిపి తిరిగి విక్రయించిరి. అందును కోట కూలిన పిదప జేమ్స్ బనానాయే దర్శనమిచ్చును. ఆ పాత పట్టికను చెరుపవలదు, అదియును చరిత్రయే. మరల విక్రయించునపుడు దాని తరువాత యామషిత, తెరషిమ మొదలుగా నాటి పనివారి నిజనామములతో నొక్క పుట చేర్చుట ఆ సంస్థకు కష్టమైన పని కాదు.