మన వివరాలు ఎవరి పెట్టెలో?



మేం బడిపంతుళ్లం. పాఠం చెప్పడం సగం పనైతే, పిల్లల పేరు, కులం, ఆధార్ నంబరు, తండ్రి ఆదాయం నింపడం మిగతా సగం. అడ్మిషన్ రిజిస్టర్లో ఒకసారి, హాస్టల్‌కి ఒకసారి, స్కాలర్‌షిప్‌కి మళ్లీ. ఒకచోట ఇంటిపేరులో ఒక్క అక్షరం తప్పు పడిందని మా పిల్ల ఒకామెకి ఏడాదిపాటు స్కాలర్‌షిప్ ఆగిపోయింది. తప్పు రాసింది ఎవరో, కూలి పోగొట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది వాళ్లమ్మ. మన గురించి రాసిన కాగితం ఏనాడైనా మన చేతిలో ఉందా?

కంప్యూటర్లోళ్లు దీనికొక దారి చూపిస్తున్నారు. దాన్ని సెమాంటిక్ వెబ్ అంటారు. ప్రతి సంగతినీ మూడు ముక్కలుగా రాస్తారు: ఎవరు, ఏం సంబంధం, ఎవరితో. 'ఆసామికి - తెలుసు - పాలేరు'. ఇట్లాంటి ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నా యంత్రం ఏరి, కలిపి చదువుకుంటుంది. 2000లో డాన్ బ్రిక్లీ, లిబ్బీ మిల్లర్ ఈ పద్ధతిలో 'ఫ్రెండ్ ఆఫ్ ఎ ఫ్రెండ్' మొదలుపెట్టారు. ఎవరి వివరాలు వాళ్లే రాసుకుంటారు, తమకు ఎవరు తెలుసో కూడా రాస్తారు. ఆ తర్వాత వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీయే 'సాలిడ్' అని ఒకటి తెచ్చాడు. అది మన ట్రంకుపెట్టె లాంటిది. సర్టిఫికెట్లన్నీ అందులో, తాళంచెవి మన దగ్గర. ఎవరికి ఏ కాగితం చూపాలో మనమే చెప్తాం, వద్దనుకుంటే మూసేస్తాం. బెల్జియంలో ఫ్లాండర్స్ ప్రభుత్వం ఈ పెట్టెలను తన జనానికి ఇచ్చే పని చేపట్టింది.

బాగుంది. అక్షరం తప్పు పడితే ఒక్కచోట దిద్దుకుంటే చాలు. కులం కాగితం స్కాలర్‌షిప్ ఆఫీసు చూస్తుంది, పట్నంలో గది అద్దెకిచ్చేవాడు చూడడు. ఈ ఒక్క మేలుకైనా మేం దీన్ని కోరతాం.

కానీ ఆ 'తెలుసు' అనే మాట దగ్గర మాకు పేచీ ఉంది. ఆసామికి పాలేరు తెలుసు, పాలేరుకి ఆసామి తెలుసు. రెండూ ఒకటే తెలియడమా? ఆ పట్టికలో కులం గడి లేదు, నిజమే. అయితే ఎవరికి ఎవరు తెలుసో వరసగా గీత కలుపుతూ పోండి. పల్లె గీతలు పల్లెలోనే తిరుగుతాయి, ఊరి గీతలు ఊళ్లోనే. మధ్యలో ఖాళీ. కులం అడక్కుండానే యంత్రానికి కులం దొరికిపోతుంది. ఇంటిపేరు, కాలనీ పేరు చాలవా ఏం? మనం పెట్టె మూసినా పక్కింటివాడి పెట్టెలో మన పేరు ఉంటుందాయె.

ఇంక సమ్మతి సంగతి. 2023లో మన దేశంలో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు. అందులోనూ సమ్మతి మాట ఉంది. కౌంటర్ ముందు వేలిముద్ర వేసే మన అవ్వ 'నేనివ్వను' అంటే ఆమె బియ్యం ఏమవుతాయి? కాదనే ధైర్యం లేనిచోట తాళంచెవి చేతికిచ్చి ఏం లాభం?

కాబట్టి పెట్టె కావాలి, అందులో ఏ గడులుండాలో రాసేచోట మనవాళ్లూ కూర్చోవాలి. కులం పేరు బయటపెట్టకుండా 'అర్హత ఉంది' అని మాత్రమే చెప్పే కాగితం కావాలి. ఈ జూన్లో హాస్టల్ ఫారం చేతికొచ్చినప్పుడు, నింపేముందు ఒక్కమాట అడగండి: ఇది ఇంకా ఎవరెవరు చూస్తారు సారూ? మమ్మల్నీ అడగండి.