ఖలీల్‌వాడిలో దొరకని గోలీ

ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతల చీటీ. మడత పడ్డచోట డాక్టరు రాత చెరిగిపోయింది. ఆ తల్లిది బోధన్ అవతలి ఊరు. పొద్దున్నే బస్సెక్కి, కొడుకును వెంటబెట్టుకుని నిజామాబాద్ వచ్చింది. ఖలీల్‌వాడి సంగతి చెప్పేదేముంది? అడుగుకో దవాఖాన, దవాఖానకో మందుల దుకాణం. మా అమ్మ బీపీ గోలీల కోసం నేను నిలబడ్డ దుకాణం ఆమెకు ఏడోదట. కౌంటర్లో అబ్బాయి చీటీ విప్పి, ఒక్క చూపు చూసి, మళ్లీ మడిచి ఇచ్చేశాడు.

“ఇవి మా దగ్గర రావక్కా.”

“మరి ఏడ దొరుకుతయి బిడ్డా?”

“హైదరాబాద్ పోవాలె. ఈడ ఎవ్వరు పెట్టరు. డబుల్ చీటీ గూడ కావాలె దీనికి.”

పిల్లవాడు ఆరో తరగతి. మేం అక్కడున్న పది నిమిషాల్లో మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగాడో, బరువు చూసే మిషన్ మీద ఎన్నిసార్లు నిలబడ్డాడో లెక్కలేదు. ఆమె ఎడమ చెయ్యి వాడి చొక్కాను వదల్లేదు. బీడీలు చుట్టే చెయ్యి అది, గోళ్ల సందుల్లో తంబాకు మరక. నిజామాబాద్ వచ్చిన రోజు బీడీలు లేవు, బీడీలు లేకపోతే కూలీ లేదు. “పోయిన నెల గోలీలు ఉన్నన్ని దినాలు కుదురుగ కూసున్నడు సారూ. అర పేజీ రాసిండు. వాళ్ల సారు గూడ మెచ్చుకున్నడు. గోలీలు అయిపోయినయి, మల్ల మొదటికొచ్చింది” అంది.

అర పేజీ! ఆరేళ్ల బడిలో ఆ పిల్లవాడు ఒక్కసారి కూర్చుని రాసింది అర పేజీ. దాన్ని ఆమె పరీక్ష పాసైనంత సంబరంగా చెప్పింది.

ఆ చీటీలో ఉన్నది మిథైల్‌ఫెనిడేట్. నిన్నమొన్న వచ్చిన విడ్డూరం కాదు, 1944లోనే స్విట్జర్లాండ్‌లో తయారైంది. మనసు ఒకచోట నిలవక, కాలు ఒకచోట ఆగక, తోచిందే తడవుగా చేసేసే ఏడీహెచ్‌డీ పిల్లలకు దశాబ్దాలుగా ప్రపంచమంతా ఇస్తున్న మందు. మెదడులో డోపమిన్ విడుదలైన వెంటనే వెనక్కి పోకుండా కాసేపు పట్టి ఉంచుతుంది. ఆ కాసేపట్లో పిల్లవాడు పాఠం వింటాడు. అంతే దాని పని. అది దొరకని పిల్లలకు మన బళ్లలో ఉన్న పేరు కోతి. వెనక బెంచీ, గోడకుర్చీ, టీసీ.

మరి ఎందుకు దొరకదు? మిథైల్‌ఫెనిడేట్ మన ఔషధ నియమాల్లో షెడ్యూల్ ఎక్స్‌లో ఉంది. అమ్మాలంటే దుకాణానికి వేరే లైసెన్సు ఉండాలి. చీటీ రెండు ప్రతులుగా రాయాలి, ఒకటి దుకాణదారు రెండేళ్లు దాచాలి. మందును తాళం వేసిన బీరువాలో పెట్టాలి. ఎన్‌డీపీఎస్ అనే మత్తు మందుల నియంత్రణ చట్టం కన్ను కూడా దాని మీద ఉంది. నెలకు ఇద్దరో ముగ్గురో వచ్చే మందు కోసం ఇంత తలనొప్పి ఎందుకని దుకాణదారు చేతులు దులుపుకుంటాడు. వాణ్ని నేను తప్పుపట్టను. తాళాన్నీ తప్పుపట్టను. ఈ గోలీని దుర్వినియోగం చేసేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త ఉండాల్సిందే. కానీ తాళం వేసిన సర్కారుకు, తాళంచెవి ఎవరి దగ్గరుందో చూసుకునే బాధ్యత లేదా? ఈ జిల్లాలో ఎక్కడో ఒక్క బీరువాలో ఈ గోలీ ఉండేలా చూడటం ఎవరి పని?

ఇప్పుడు అదే చట్టం కింద ఉన్న ఇంకో మందు సంగతి చెబుతాను. అల్ప్రాజోలం. ఆందోళనకు, నిద్రకు ఇచ్చే గోలీ. మామూలుగా డాక్టరు రాసేది అర మిల్లీగ్రాము, పావు మిల్లీగ్రాము. చట్టం ప్రకారం దీనికి 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం, పదేళ్లకు తక్కువ కాకుండా జైలు. లెక్క వేయండి. అర మిల్లీగ్రాము గోలీలైతే ఒక్క గ్రాములో 2,000, కిలోలో 20 లక్షలు. ఆ కిలోలు మన దగ్గరికి ఎలా వస్తాయో నిజామాబాద్, కామారెడ్డి, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చిన్నపిల్లవాణ్ని అడిగినా చెబుతాడు. కల్లులో కలుస్తాయి. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. అందుకే కల్లు డిపోలో నీళ్లు, శాక్రిన్, పైన ఇంత మందు. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, తర్వాత డైజిపామ్, ఇప్పుడు అల్ప్రాజోలం. ప్రాణానికి తెగించి చెట్టెక్కే గీత కార్మికుడి కల్లు వేరు, ఈ సీసాలోది వేరు. రోగం తగ్గించేదీ మందే, మత్తెక్కించేదీ మందే అనే మన భాషలో దీన్ని మందు కల్లు అంటారు.

2025 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్ పాత బోయినపల్లిలో ఒక ప్రైవేటు బడి మీద మత్తు మందుల దందాను అడ్డుకునే పోలీసుల ఈగల్ బృందం దాడి చేసింది. ఒకవైపు తరగతులు నడుస్తున్నాయి, అదే భవనంలో మరోవైపు అల్ప్రాజోలం వండుతున్నారు. కిలోల కొద్దీ పట్టుబడింది. కల్లు దుకాణాలకు పోయే సరుకు అది. ఆ వార్త చదివినప్పుడు నాకు ఖలీల్‌వాడి మెట్ల మీద ఆ పిల్లవాడే గుర్తొచ్చాడు. బడి పిల్లవాడికి చదువుకోవడానికి కావాల్సిన గోలీ జిల్లా అంతా తిరిగినా దొరకదు. ఊళ్లను మత్తులో ముంచే గోలీ బడి భవనంలోనే తయారవుతుంది.

ఈ మత్తు ఎలా ఉంటుందో నేను మా మామ దగ్గర చూశాను. మేనమామ వరస. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు తోలిన మనిషి. పొద్దంతా గడలు ఎత్తిన నడుముకు రాత్రి రెండు సీసాలు పడితేగానీ నిద్ర రాదు. 2015 సెప్టెంబర్‌లో సర్కారు కల్తీ కల్లు మీద విరుచుకుపడింది. మంచిదే. డిపోల్లో మందు ఒక్కసారిగా బంద్ అయింది. రెండో రోజు మామకు నీళ్ల గ్లాసు చేతిలో నిలవలేదు. నోటిదాకా వచ్చేసరికి సగం నీళ్లు చొక్కా మీదే. మూడో రోజు గోడ మీద చీమలు పాకుతున్నాయని చేత్తో తుడుస్తూ కూర్చున్నాడు. గోడ మీద ఏమీ లేదు. ఆ రాత్రి ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కున్నాడు. తీసుకెళ్లిన దవాఖానలో వరండా నిండా ఆయనలాంటివాళ్లే. ఆడవాళ్లు కూడా. ఇంటివాళ్లు చున్నీలతో, తువ్వాళ్లతో చేతులు మంచాలకు కట్టేశారు. ఆ రోజుల్లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ప్రాణాలే పోయాయి.

ఇది ముందే తెలియని విషయమా? అల్ప్రాజోలం జాతి గోలీలు ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళ్లాక ఒక్కసారిగా ఆపితే మూర్ఛలొస్తాయని వైద్యం చదివిన ప్రతివాళ్లకూ తెలుసు. అదే జాతి మందును డాక్టరు చేతిలో కొలిచి ఇచ్చి, వారాల తరబడి మెల్లగా తగ్గించి దించాలి. అది చేయడానికి మండలానికో డాక్టరు, పది రోజుల ముందు గోలీల ఇండెంటు చాలు. ఎక్సైజ్‌వాళ్లు డిపోల మీదికి పోయే తేదీ వాళ్లకు తెలుసు. ఆ తేదీ వైద్యశాఖకు చెప్పాలన్న ఆలోచన ఎవరికి వచ్చింది? సీసా పగలగొట్టడమే పని అనుకున్నారు. సీసా వెనక మనిషి ఉన్నాడు.

అదే ఏడాది డిసెంబర్‌లో మామ చెరుకు తోలిన ఆ ఫ్యాక్టరీ, నిజాం షుగర్స్, మూతపడింది. 1930లలో కట్టి, ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఫ్యాక్టరీ. మామకు తోలడానికి బండి కూడా మిగల్లేదు. డిపోలో మందు మాత్రం మళ్లీ మొదలైంది. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లాలో పదుల మంది కల్తీ కల్లుతో దవాఖానల పాలయ్యారు. జూలైలో కూకట్‌పల్లిలో ప్రాణాలు పోయాయి. అప్పుడు టీవీల్లో గంటల కొద్దీ చర్చ. మన పల్లెల్లో పోయినప్పుడు జిల్లా ఎడిషన్లో రెండు కాలాలు.

కల్లు మత్తు సంగతి అది. నల్లమందు జాతి మత్తుకు, అంటే హెరాయిన్‌కు, నొప్పి గోలీలకు బానిసలైనవాళ్లకు ఇంకో మందు ఉంది. బుప్రెనార్ఫిన్, నాలుక కింద పెట్టుకునేది. హెరాయిన్ మెదడులో ఏ చోట కూర్చుంటుందో అక్కడే ఇది వెళ్లి గట్టిగా కూర్చుంటుంది. కానీ సగమే పని చేస్తుంది. ఒక హద్దు దాటాక ఎంత వేసుకున్నా మత్తు పెరగదు, వణుకు మాత్రం ఆగుతుంది. ఫ్రాన్స్‌లో 1990ల నడుమ మామూలు డాక్టర్లే దీన్ని రాయడం మొదలుపెట్టాక నాలుగైదేళ్లలో హెరాయిన్ చావులు ఐదో వంతుకు పడిపోయాయి. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2022లో మన కేంద్రం దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చాయి. జాబితాలో ఉంది కాబట్టి జిల్లాలో ఉందనుకుంటే మనంత అమాయకులు లేరు. మిథైల్‌ఫెనిడేట్‌కైతే ఆ గౌరవం కూడా దక్కలేదు. 2019లో, 2021లో రెండుసార్లు అడిగినా ప్రపంచ ఆరోగ్య సంస్థే తన జాబితాలో చేర్చలేదు.

ఒక మత్తుకు ఇంకో మత్తు ఇవ్వడమేమిటని అడిగేవాళ్లు ఉంటారు. పిల్లవాడికి మెదడు గోలీలేమిటని నొసలు చిట్లించేవాళ్లూ వాళ్లే. వాళ్లకు ఒక్కటే చెబుతాను. కొలత తెలిసిన చేతిలోంచి, రోజూ అదే మోతాదులో, ఎప్పుడు తగ్గించాలో తెలిసిన డాక్టరు కళ్ల ముందు ఇచ్చేది మందు. తొట్టిలో ఎవడో గుప్పెడు వేసి కలిపితే ఒక సీసాకు ఎంత వచ్చిందో దేవుడికే తెలియని పొడి విషం. మనం విషాన్ని వాడుక చేసుకున్నాం. మందును చూసి భయపడుతున్నాం. చికిత్సకు పోతే ‘పిచ్చి డాక్టరు దగ్గరికి పోయిండు’ అని పెళ్లి సంబంధాలు చెడతాయి. రోజూ డిపో ముందు కూలబడితే ఎవరూ ఏమీ అనరు.

2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం దేశంలో 10 నుంచి 75 ఏళ్ల మధ్యవాళ్లలో 1.08 శాతం మంది డాక్టరు చీటీ లేకుండా నిద్రమాత్రల జాతి మందులు వాడుతుండేవారు. చట్టం ఒప్పని మత్తులకు బానిసలైనవాళ్లలో 20 మందికి ఒక్కరికే దవాఖానలో చేర్చుకుని చేసే చికిత్స అందింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు బానిసత్వాన్ని కూడా మానసిక అనారోగ్యంగానే లెక్కించింది. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవి సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకుని పైన అన్ని సర్కారు దవాఖానల్లో, అన్ని వేళలా, ఉచితంగా ఇవ్వాలని 18వ సెక్షన్ చెబుతోంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బడి పిల్లల్లో వెతకాల్సిన 30 ఇబ్బందుల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. వెతుకుతారు, కార్డు మీద టిక్కు పెడతారు. ఆ తర్వాత? వికలాంగుల హక్కుల చట్టం 2016లో 21 రకాలు రాశారు, ఆటిజం ఉంది, అభ్యసన వైకల్యం ఉంది, ఏడీహెచ్‌డీ లేదు. కాబట్టి సర్టిఫికెట్ లేదు. చట్టాలు రాసినవాళ్లు, టిక్కులు పెట్టినవాళ్లు, దాడులు చేసినవాళ్లు, ఎవరి పని వాళ్లు చేశామంటారు. ఆ తల్లి ఏడు దుకాణాలు తిరిగింది. మామ నాలుక మీద పంటి గాటు ఇంకా ఉంది, ఏదైనా కారం తిన్నప్పుడల్లా నోరు పట్టుకుంటాడు.

నేను అడిగేది కొండంత కాదు. నిజామాబాద్‌లో ఒక్క దుకాణానికి, బోధన్‌లో ఒక్క సర్కారు దవాఖానకు షెడ్యూల్ ఎక్స్ లైసెన్సు ఇప్పించి, నెలనెలా సరుకు ఉందో లేదో చూసే ఒక్క ఉద్యోగి. డిపోల మీద దాడికి ముందు వైద్యశాఖకు ఒక్క ఫోను. అది కూడా చేయలేని యంత్రాంగం ఎవరి కోసం ఉన్నట్టు?

ఆ రోజు ఆమె వెళ్లిపోతూ నన్నొక మాట అడిగింది. “డబుల్ చీటీ అంటే ఏంది సారూ? ఇంకో కాయిదం రాయించుకుంటే ఇస్తరా?” అప్పటికి దుకాణాల్లో ఆ మందే లేదని ఆమెకు ఇంకా నమ్మకం కుదరలేదు. తన దగ్గరున్న కాయిదంలోనే ఏదో లోటుందనుకుంది. బీడీల పని ఇంకో రోజు మానుకుని డాక్టరు దగ్గరికి పోతానని, రెండో కాయిదం రాయించుకొస్తానని చెప్పి, కొడుకు చొక్కా పట్టుకుని బస్టాండు వైపు నడిచింది.