ఇంటి ముచ్చట్లు: మీ నాయన పాట ఒకటి పాడప్పా!

ఈసారి ఊరగాయల గురించి రాస్తానని పోయిన సంచికలో మాట ఇచ్చాను. ఆ మాటను వచ్చే సంచికకు వాయిదా వేస్తున్నాను, క్షమించాలి. నేను చేసిన ఒక పొరపాటు మనసులో మెదులుతూ ఉంది. అది రాసేస్తే గాని ఊరగాయల మీదికి ధ్యాస పోయేట్టు లేదు.

మొన్న ఉగాదికి చింతామణిలో మన సంఘం కార్యక్రమం జరిగింది కదా. పంచాంగ శ్రవణం అయింది, వేపపూత బెల్లం పంచారు, చిన్నపిల్లల కోలాటం అయింది. తరువాత రావలసిన కవిగారు బస్సు దొరక్క ఇంకా చేరలేదు. మైకు నా చేతిలో ఉంది. సభలో ఖాళీ వస్తే ఏదో ఒకటి పెట్టి పూరించాలన్న ఆత్రం మైకు పట్టుకున్నవాళ్ళందరికీ ఉండేదే. అంతలో వెనక వరుసలో కుర్చీలు సర్దుతున్న ఒక పిల్లవాడు నా కంట పడ్డాడు. ఎనిమిదో తరగతి. వాళ్ళ నాయన మన మూడు తాలూకాల్లోనూ అందరికీ తెలిసిన గాయకుడు. బాగేపల్లిలో జాతర అయినా, చిక్కబళ్ళాపురంలో గణేశుని మంటపం అయినా, చింతామణిలో రాజ్యోత్సవం అయినా రసమంజరి పెట్టారంటే ఆయన ఉండవలసిందే. బాలసుబ్రహ్మణ్యంగారి పాటలు తెలుగులోనూ కన్నడంలోనూ అచ్చం అట్లాగే పాడతాడని జనం ఆయనను "మన బాలు" అని పిలుచుకుంటారు.

"ఏమప్పా, ఇట్లా రా! మీ నాయన పాట ఒకటి పాడప్పా!" అన్నాను మైకులోనే.

సభ చప్పట్లు కొట్టింది. పిల్లవాడు రానన్నట్టు చెయ్యి ఊపాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి. పక్కవాళ్ళు భుజం పట్టుకుని ముందుకు తోశారు. వచ్చాడు. గొంతు మారే వయసు, ఆ మాట నాకు తట్టనే లేదు. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని! రెండు ముక్కలు పాడేసరికి గొంతు చీలింది. వెనకనుంచి ఎవరో "నాయన గొంతు ఎక్కడ, వీని గొంతు ఎక్కడ!" అన్నారు. నలుగురు నవ్వారు. పిల్లవాడు మైకును మెల్లగా కుర్చీ మీద పెట్టి దిగి వెళ్ళిపోయాడు. ఆ రోజు తండ్రి వేరే ఊళ్ళో ఎవరి కార్యక్రమంలోనో పాడుతూ ఉన్నాడు.

మూడు రోజుల తరువాత పిల్లవాడి తల్లి మా ఇంటికి వచ్చింది. తగాదాకు వచ్చిన మనిషి కాదు. కాఫీ ఇస్తే తాగి, చాలాసేపు ఊరకే కూర్చుని, అప్పుడు చెప్పింది.

"మిస్సూ, వాడు ఆ పొద్దునుంచి ఫోన్లో నాయన పాట వినిపిస్తే లేచి బయటికి పోతాడు. ఇంగ ఎవురూ నన్ను పాడమని అడగొద్దని చెప్పమ్మా అంటాడు."

"వాళ్ళ నాయన ఏమంటాడమ్మా?" అన్నాను.

"ఆయన ఏమంటాడు మిస్సూ! పెండ్లిండ్ల కాలం వస్తే రాత్రి మూడు గంటలకు ఇల్లు చేరతాడు. పగలంతా నిద్ర. లేచినంక గొంతు దాచుకోవల్ల అని ఎక్కువ మాట్లాడడు. వీడు ఒకసారి నాతో అన్నాడు, నాయన అందరికీ పాడతాడు, మనతో మాట్లాడడు అని."

ఆ మాట విన్నప్పటినుంచి నాకు అసలు బాలుగారి ఇల్లు గుర్తుకు వస్తూ ఉంది. నలభై వేలకు పైగా పాటలు పాడారని చెప్పుకునే మనిషి ఇంట్లో పిల్లలు ఎట్లా పెరిగి ఉంటారు?

బాలుగారు కూడా ఒక కళాకారుడి కొడుకే. తండ్రి సాంబమూర్తిగారు నెల్లూరులో హరికథలు చెప్పేవారు. కొడుకు ఇంజినీరు కావాలని ఆయన కోరిక. కొడుకు మన బాగేపల్లిలో బస్సు ఎక్కితే రెండు మూడు గంటల్లో చేరే అనంతపురంలోనే ఇంజినీరింగు కాలేజీలో చేరారు. టైఫాయిడ్ వచ్చి ఆ చదువు ఆగింది. తరువాత మద్రాసుకు వెళ్ళి అక్కడ ఏ.ఎం.ఐ.ఇ. చదువుతూ, 1964లో ఒక తెలుగు సాంస్కృతిక సంస్థ పెట్టిన పాటల పోటీలో మొదటి బహుమతి తెచ్చుకున్నారు. (మనలాంటి సంఘమే అన్నమాట! మన పోటీలకు వచ్చే పిల్లలను ఇంకొంచెం శ్రద్ధగా వినాలి.) 1966 డిసెంబరులో కోదండపాణిగారి సంగీతంలో మొదటి సినిమా పాట. ఆ తరువాత వారం పది రోజులకే రెండో పాట, అదీ కన్నడంలో. అందుకే బాలు తెలుగువాడా మనవాడా అని మన జిల్లాలో ఎవరూ ఎప్పుడూ వాదించుకోలేదు.

ఆయన పాటలో పల్లవిని, చరణాన్ని తీసుకుని పిల్లలకు పేర్లు పెట్టుకున్నారు. కూతురు పల్లవి, కొడుకు చరణ్. ముద్దుగానే ఉంది. కానీ ఆలోచిస్తే ఎంత బరువు! ఉయ్యాలలో వేసిన నాడే నువ్వు పాటలో భాగం అని రాసిపెట్టినట్టు అయింది.

1981లో ఒకరోజు బెంగళూరులో ఉపేంద్రకుమార్ సంగీతంలో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా 21 కన్నడ పాటలు పాడారని గొప్పగా చెప్పుకుంటాం. నేనూ తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను, కష్టపడితే ఏదైనా సాధించవచ్చు చూడండి అని. ఇప్పుడు అదే సంగతి ఇంటి వైపునుంచి చూస్తే వేరేగా కనిపిస్తుంది. అప్పటికి ఆ పిల్లలు చిన్నవాళ్ళు. ఆ రోజు నాన్న మద్రాసులోనే లేడు. ఊళ్ళో ఉన్న రోజుల్లోనూ ఒక స్టూడియో నుంచి ఇంకో స్టూడియోకు పరుగే. పిల్లలు పెరగడం తాను చూడలేకపోయానని బాలుగారే తరువాతి కాలంలో చెప్పుకుని బాధపడ్డారు. అంత నిజాయితీగా ఒప్పుకున్నందుకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది. అయినా గడిచిపోయిన బాల్యం ఒప్పుకోలుతో వెనక్కి రాదు కదా.

పల్లవి కొన్ని పాటలు పాడి, ఆ దారి విడిచి నెమ్మదిగా ఉండిపోయారు. ఏ పత్రికా ఆమె వెంట పడలేదు, అది ఆమె అదృష్టం అనుకుంటాను. చరణ్ అట్లా తప్పించుకోలేదు. పాడారు, నటించారు, సినిమాలు తీశారు. 2007లో వచ్చిన "చెన్నై 600028", 2011లో వచ్చిన "ఆరణ్య కాండం" ఆయన తీసిన తమిళ సినిమాలు. రెండోదానికి జాతీయ అవార్డులు కూడా వచ్చాయి. అంటే పాటతో పోల్చడానికి వీలులేని చోట ఆయన తన పని తాను చేసి చూపించారు. ఎంతమందికి తెలుసు? మా ఇంట్లో అడిగితే ఒక్కరికీ తెలియదు. "చరణా? బాలు కొడుకు, కొంచెం వాళ్ళ నాయన మాదిరే పాడతాడు" అన్నారు. ఆ "కొంచెం" అనే మాటను ఆ మనిషి జీవితంలో ఎన్ని వేలసార్లు విని ఉంటారో!

బాలుగారు పాట మొదలుపెట్టి యాభై ఏళ్ళు నిండినప్పుడు దేశదేశాల్లో కచేరీలు జరిగాయి. వాటిని ఏర్పాటు చేసింది కొడుకే. చిన్నప్పుడు దొరకని నాన్న పెద్దయిన తరువాత పని పేరుతో దొరికి ఉంటారని నేను అనుకుంటాను. ఇది నా ఊహే, ఆయన చెప్పిన మాట కాదు.

ఇక 2020. కరోనా వచ్చిన ఏడాది, ఆగస్టు 5న బాలుగారు ఆసుపత్రిలో చేరారు. తనకు పెద్దగా ఏమీ లేదు, ఎవరూ ఫోన్లు చెయ్యవద్దని ఆయనే వీడియోలో చెప్పారు. వారం తిరిగేసరికి పరిస్థితి విషమించింది. అప్పటినుంచి దాదాపు రోజూ చరణ్ మన ఫోన్లలో కనిపిస్తూ వచ్చారు. నాన్నకు ఇవాళ ఎట్లా ఉంది, ఏ యంత్రం మీద ఉన్నారు, మనిషిని గుర్తుపడుతున్నారా లేదా, ఆ వివరాలన్నీ. మనమంతా సాయంత్రం కాగానే ఆ వీడియో కోసం ఎదురుచూశాం. ఆలస్యమైతే విసుక్కున్నాం కూడా! మన ఇంట్లో ఎవరికైనా అట్లా ఉంటే దగ్గర బంధువులు ఫోను చేసినా ఎత్తబుద్ధి కాదు. ఆ కొడుకు కోట్లమందికి జవాబు చెప్పవలసి వచ్చింది. సెప్టెంబరు 25 మధ్యాహ్నం 1.04కు నాన్న పోయారని ఆసుపత్రి బయట నిలబడి చెప్పింది కూడా ఆయనే. అక్కడితో అయిందా? ఆసుపత్రి బిల్లు గురించి పుకార్లు పుట్టించారు. నాన్న పోయిన దుఃఖం ఆరకముందే వాటికీ సంజాయిషీ ఇచ్చుకున్నారు.

1996లో ఈటీవీలో మొదలైన "పాడుతా తీయగా" మన ఇళ్ళల్లో ఎంతగా చూశామో చెప్పనక్కరలేదు. కన్నడ చానల్లో "ఎదె తుంబి హాడువెను" కూడా అంతే. 2021లో "పాడుతా తీయగా" మళ్ళీ మొదలైనప్పుడు తండ్రి నిలబడిన చోట చరణ్ నిలబడ్డారు. మొదటి వారం చూస్తూ మా ఇంట్లో అందరం తప్పులు వెతికాం. నాన్న అయితే ఈ పిల్లను ఇట్లా మెచ్చుకునేవాడు, ఆ పాట వెనక కథ చెప్పేవాడు అని. కొన్ని వారాల తరువాత గాని పిల్లల పాట మీదికి చూపు పోలేదు.

2024 మొదట్లో ఇంకో సంగతి. ఒక తెలుగు సినిమాలో కంప్యూటరు సాయంతో బాలుగారి గొంతు పుట్టించి, అడగకుండా వాడుకున్నారని చరణ్ నోటీసు పంపారు. పొలానికి, ఇంటికి వారసులు ఉన్నట్టు గొంతుకు కూడా వారసులు ఉంటారని అప్పుడే నాకు తట్టింది.

ఘంటసాలగారి పిల్లల సంగతి ఇంకో రకం. ఆయన 1974 ఫిబ్రవరి 11న పోయినప్పుడు వయసు 51. పోయిన తరువాత విడుదలైన ఆయన భగవద్గీత ఇవాళ మన పల్లెల్లో కూడా ఎవరింట చావు జరిగినా వినిపిస్తుంది. మనకు అది ఓదార్పు. ఆయన పిల్లలకో? వీధి మలుపు తిరిగితే ఎవరి గుమ్మం ముందో నాన్న గొంతు! కొడుకు రత్నకుమార్ పాట ఎన్నుకోలేదు, డబ్బింగు ఎన్నుకున్నారు. వెయ్యికి పైగా సినిమాల్లో ఇతరుల ముఖాలకు తన గొంతు ఇచ్చి, 2021 జూన్‌లో పోయారు. గొంతునే నమ్ముకున్నారు గాని, తండ్రితో పోల్చడానికి ఎవరికీ అవకాశం ఇవ్వలేదు. నాకు అది చాలా తెలివైన దారిగా కనిపిస్తుంది.

సితారు రవిశంకర్‌గారి కూతురు నోరా జోన్స్ అయితే అమెరికాలో టెక్సాస్‌లో తల్లి దగ్గర పెరిగి, పదహారో ఏట పేరులోంచి శంకర్ అనే మాటనే తీసేసుకుంది. 2003లో అయిదు గ్రామీ అవార్డులు తన పేరు మీదే తెచ్చుకుంది. మన పిల్లలు ఇంటిపేరు తీసేసుకుంటామంటే మనం ఊరుకుంటామా? ఊరుకోం. కానీ ఆ అమ్మాయికి అట్లా ఎందుకు అనిపించిందో ఇప్పుడు నాకు కొంచెం అర్థమవుతుంది.

ఇదంతా ఆ తల్లికి చెప్పలేదు. చెప్పినా ఏం లాభం? వాళ్ళింటికి వెళ్ళి పిల్లవాడితో మాట్లాడి వస్తానన్నాను. ఆదివారం వెళ్ళాను. తండ్రి నిద్రలో ఉన్నాడు. గోడవార కీబోర్డు, దాని పక్కన రెండు పెద్ద స్పీకర్లు, వాటి మీద ఉతికిన బట్టల మూట. పిల్లవాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు గాని దగ్గరకు రాలేదు.

"నాదే తప్పప్పా. నిన్ను అడగకుండా పిలిచినాను" అన్నాను.

వాడు నేల చూపులు చూస్తూ, "పర్వాలేదు మిస్" అన్నాడు. కాసేపటికి వాడే, "నాకు పాట కంటే ఇది ఇష్టం మిస్" అని స్పీకరు వెనక వైర్లు చూపించాడు. ఏ వైరు ఎక్కడ పెట్టాలో, మైకు ఎందుకు కూత వేస్తుందో పది నిమిషాలు చెప్పాడు. ఆ రోజు ఉగాది సభలో మైకు అంతసేపు గీపెట్టింది కదా, అది సరిగ్గా పెట్టనందువల్లేనట. మాటల చప్పుడుకు తండ్రి లేచి వచ్చి గుమ్మంలో నిలబడి విన్నాడు. "ఇవన్నీ ఎప్పుడు నేర్చుకున్నావురా?" అన్నాడు బొంగురు గొంతుతో. "నువ్వు నిద్రపోతాంటే" అన్నాడు కొడుకు. ఆయన ఇంకేమీ అనలేదు. చాప తెచ్చి పరిచి, వాడి పక్కన కూర్చుని, ఏదీ ఇంకోసారి చూపించు అన్నాడు. నేను లేచి వచ్చేశాను.

దీపావళి కార్యక్రమానికి మైకు పని ఆ పిల్లవాడికి అప్పగించాలని సంఘంలో చెప్పాను. అందరూ సరేనన్నారు. పాడమని ఎవరూ అడగకుంటే వస్తానని వాడు కబురు చేశాడు. మా కార్యదర్శిగారు మాత్రం "అట్లాగే మిస్, అట్లాగే. చివర్లో ఒక్క పాట..." అంటూనే ఉన్నారు.