తల్లీ బిడ్డా: నెలలు నిండని పసికందుకు పాలు

ఏడవ నెల బిడ్డ దక్కుతుంది గాని ఎనిమిదవ నెల బిడ్డ దక్కదన్న మాట మన యిళ్ళలో పెద్దవాళ్ళు యింకా అంటూనే వున్నారు. దీనికి ఆధారమేమీ లేదు. కడుపులో ఒక్క వారం ఎక్కువ వున్నా బిడ్డకు అంత బలమే. 37 వారాలు నిండకుండా పుట్టినవారినే వైద్యులు నెలలు నిండని బిడ్డలంటారు.

వీరికి పాలు పట్టడమే పెద్ద చిక్కు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం, యీ మూడూ జతగా సాగడం సుమారు 34 వారాలకు గాని కుదరదు. అందాకా ముక్కు ద్వారానో నోటి ద్వారానో సన్నని గొట్టం వేసి కాసిని పాలు వదులుతారు. ఆ పైన ఉగ్గుగిన్నె. తమిళనాట దానినే పాలాడై అంటారు. గొట్టాన్ని చూసి నాయనమ్మలు కంటనీరు పెట్టుకోనక్కరలేదు. పొలమారకుండా చేసే ఏర్పాటు అది.

ఏ పాలు? కన్నతల్లి పాలే. యీ బిడ్డల పేగులు మరీ లేతవి. పేగు వాచి, దాని గోడ చచ్చుబడే జబ్బు ఒకటి వుంది. ప్రాణం మీదికి తెస్తుంది. పోతపాల బిడ్డలకంటె తల్లిపాల బిడ్డలకు అది తక్కువ. బొత్తిగా రాదని కాదు. పొట్ట ఉబ్బినా, పచ్చగా కక్కినా, విరేచనంలో నెత్తురు కనిపించినా వైద్యులు పాలు ఆపేస్తారు. పసిగుడ్డును పస్తు పెట్టారని నర్సమ్మతో తగవుకు పోవద్దు. నరం గుండా పోషణ అందుతూనే వుంటుంది.

తల్లి రేయింబవళ్ళు రెండు మూడు గంటలకోసారి పాలు పిండి యివ్వాలి. ముర్రుపాలు నాలుగు చుక్కలే వచ్చినా పారబోయరాదు. ఆమెకు పాలు చాలకపోతే తల్లిపాల నిధి వుంది. ముంబయి సయాన్ ఆసుపత్రిలో డాక్టరు ఆర్మిడా ఫెర్నాండెజ్ 1989లో అటువంటిదానిని నెలకొల్పారు. దాతల రక్తాన్ని పరీక్షించి, పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలుంచి యిస్తారు. పరాయి తల్లి పాలా అని ముఖం చిట్లించే వారున్నారు. డబ్బా పాలు మాత్రం ఎవరింటివి?

నాలుకకు తేనె రాయడం, ఆముదం ఉగ్గు పోయడం యీ బిడ్డల విషయంలో అసలే కూడదు. తేనె ఏడాది నిండేదాకా ఏ బిడ్డకూ వద్దు.

బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, చర్మానికి చర్మం తగిలేటట్లు ఉంచుకునే పద్ధతి 1978లో కొలంబియా దేశపు బొగోటాలో మొదలయింది. పుట్టిన వెంటనే ఆరంభించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. వెచ్చదనం, పాలు పడడం, అంటురోగాలు తగ్గడం, మూడూ దీనివల్ల కలుగుతాయి. తల్లికి ఓపిక లేనపుడు తండ్రిగాని అమ్మమ్మగాని ఎత్తుకోవచ్చు. ముందుగా ఉంగరాలు, గాజులు తీసి, మోచేతులదాకా సబ్బుతో కడుక్కోవాలి. జలుబు చేసినవారు ఆ గడప తొక్కరాదు, మేనమామలైనా సరే.