అమ్ముకునే హక్కు ఎవరికి లాభం?

మనవాళ్ళు నలుగురు కలిసినచోట తరచు వినిపించే వాదన ఒకటి ఉంది. "అమెరికన్ ఇండియన్లయినా, మన ఏజెన్సీ గిరిజనులయినా, వాళ్ళ భూమి వాళ్ళు అమ్ముకోకుండా చట్టం అడ్డేమిటి? అమ్ముకోలేనిది ఆస్తేనా?" అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని మనం ఉంటున్న ఈ అమెరికాలో ఆ ప్రయోగం ఇదివరకే జరిగింది. ఫలితమూ తేలింది.

1887లో డాస్ చట్టం తెగల ఉమ్మడి భూమిని ముక్కలు చేసింది. కుటుంబ యజమానికి 160 ఎకరాల చొప్పున పంచి, మిగిలినదానికి "అదనపు భూమి" అని పేరు పెట్టి తెల్లవాళ్ళకు తెరిచారు. పంచిన భూమిని పాతికేళ్ళు అమ్మకూడదన్నారు. 1906లో బర్క్ చట్టం ఆ గడువునూ సడలించింది. ఫలానావాడు సమర్థుడని అధికారి తేలిస్తే చాలు, పూర్తి పట్టా చేతికొచ్చేది. పట్టాతోబాటు పన్నూ వచ్చేది. పన్ను కట్టలేక కొందరు, అప్పు తీర్చలేక కొందరు, మోసపోయి కొందరు భూమి పోగొట్టుకున్నారు. 1887లో సుమారు 13 కోట్ల 80 లక్షల ఎకరాలున్న భూమి, 1934లో ఆ పద్ధతి ఆపేనాటికి 4 కోట్ల 80 లక్షలకు దిగింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత వీరి విషయంలో అక్షరాలా నిజమయింది.

ఇక మన వైపు చూద్దాం. 1959 నాటి భూబదిలీ నిబంధనలను 1970లో సవరించారు. అదే అందరూ "వన్ ఆఫ్ సెవెంటీ" అనే చట్టం. ఏజెన్సీలో భూమి గిరిజనుడికో, గిరిజనుల సహకార సంఘానికో తప్ప మరొకరికి బదిలీ కారాదు. అమ్మేవాడు గిరిజనేతరుడయినా అంతే. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. 1997లో సమత కేసులో మరో అడుగు వేసి, ప్రభుత్వం కూడా అక్కడి భూమిని ప్రైవేటు గనుల వారికి లీజుకివ్వరాదంది.

"మరి అప్పెలా పుడుతుంది?" అంటారు. 1971 సవరణ ప్రకారం బ్యాంకుకు, సహకార సంఘానికి తనఖా పెట్టవచ్చు. బాకీ తీరకపోతే వేలంలో కొనవలసింది మళ్ళీ గిరిజనులే. అప్పుకూ దారి ఉంది, భూమికీ రక్షణ ఉంది. లోపమల్లా అమలులోనే. తెల్లకాగితం ఒప్పందాలు, బినామీ పేర్లు చట్టానికి తూట్లు పొడుస్తున్నాయి.

అమ్మే హక్కు గురించి ఇంత బాధపడే పెద్దమనుషులు, "అమ్మను, పో" అనే హక్కు గురించి ఒక్క మాటైనా అనరేం? ఊళ్ళో మన తాతల పొలం ఎవరైనా ఆక్రమిస్తే ఇక్కడినుంచి ఫోన్ల మీద ఫోన్లు చేస్తాం. అదే న్యాయం కొండమీదివాడికి వర్తించదా? మనం ఇక్కడ కొనుక్కున్న ఇళ్ళ కింది నేల కూడా ఒకప్పుడు ఏదో ఒక తెగదే.

సెలవులకు వెళ్ళినప్పుడు ఏ బ్రోకరయినా "ఏజెన్సీలో చవగ్గా ఉంది, పేరు వాళ్ళది, డబ్బు మీది" అంటే, మన సభ్యులు ఆ గుమ్మంలోనే వద్దని చెప్పాలి. వాళ్ళ హక్కుల మీద ఉపన్యాసాలు ఆ తరువాత ఇవ్వవచ్చు.