మెహంగాయి సరే, కమాయి సంగతేంటి?

టీవీ చర్చల్లో ఈ మధ్య ఒక సవాలు పదేపదే వినిపిస్తోంది. "జీడీపీ ఆరున్నర శాతం పెరిగింది. ద్రవ్యోల్బణం సున్నా దాకా దిగొచ్చింది. నిరుద్యోగం మూడు శాతమే. ఇంకా ఏం కావాలి మీకు?" అడిగేవాడి గొంతులో మనమేదో నాషుక్రీ చేస్తున్నామన్న చిరాకు కూడా ఉంటుంది.

దీనికి మన మొహల్లాల్లో రెండు జవాబులు వింటుంటాను. ఒకటి కుర్రాళ్ళది: "సబ్ ఝూట్ హై భాయ్, అన్నీ వండిన లెక్కలే." రెండోది పెద్దవాళ్ళది: "లెక్కలు నిజమే అయ్యుంటాయి. మన పిల్లలే నికమ్మాలు. మన ఇంట్లోనే బర్కత్ లేదు."

రెండూ తప్పే అంటాను. లెక్కలు ఝూట్ అని కొట్టిపారేస్తే అవతలివాడి పని సులువైపోతుంది. ఎందుకంటే ఆ లెక్కలు చాలావరకు సహీ. ఇక తప్పంతా మనదే అని తల వంచుకుంటే, దేశం చెయ్యాల్సిన హిసాబ్ మన ఇంటి గుమ్మం ముందు తెచ్చి పడేసుకున్నట్టు. అసలు అడగాల్సింది వేరే. ఈ మూడు అంకెలు దేన్ని కొలుస్తున్నాయి? దేన్ని కొలవకుండా వదిలేస్తున్నాయి?

ముందు మెహంగాయి. ఉర్దూ మీడియం స్కూల్లో మాకు దీన్ని ఇఫ్రాతె జర్ అని చెప్పారు. తెలుగులో డిగ్రీ చేసేటప్పుడు అదే ద్రవ్యోల్బణం అయింది. రెండు మాటలూ డబ్బు ఎక్కువైపోవడం గురించే చెబుతాయి. ఇంట్లో అమ్మీ వాడే మాట మాత్రం మెహంగాయి. అది సరుకు గురించి, దుకాణం ముందు నిలబడ్డ మనిషి గురించి చెబుతుంది.

2025 అక్టోబరులో రిటైల్ ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడిపోయింది. 2012ను వందగా తీసుకుని మొదలుపెట్టిన సూచీలో అంత తక్కువ అంకె అంతకు ముందెప్పుడూ రాలేదు. నిజమే. అయితే అదే నెలలో ఆ సూచీ 195 పైన ఉంది. 2012లో వంద రూపాయలకు నిండిన సంచీ నింపాలంటే 2025లో దాదాపు రెండు వందలు కావాలి. ద్రవ్యోల్బణం అంటే ధర కాదు, ధర పెరిగే వేగం. బస్సు వేగం తగ్గించిందంటే బయల్దేరిన చోటికి తిరిగొచ్చిందని కాదు కదా! "మెహంగాయి తగ్గిందట, మరి బియ్యం బస్తా ఎందుకు తగ్గలేదు?" అని అడిగే ఖాలా అమాయకురాలేం కాదు. ఆమె అడుగుతున్నది ధర గురించి. టీవీవాడు చెబుతున్నది వేగం గురించి.

ఇంకో సంగతి. ఆ సూచీలో ఆహార పానీయాల వాటా 45.86 శాతం. 2025లో సూచీని కిందికి లాగింది ముఖ్యంగా కూరగాయలు, పప్పుల ధరలే. కొనేవాళ్ళకు అది రాహత్. మరి అమ్మేవాళ్ళకు? అదే ఏడాది మొదట్లో గుంటూరు యార్డులో మిర్చి రైతులు రోడ్డెక్కారు. అంతకు ముందు క్వింటాలు 20 వేల దాకా పలికిన పంట కుప్పకూలితే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. 2023 జులైలో కథ దీనికి ఉల్టా. మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో 200 దరిదాపుల్లోకి వెళ్ళింది. దేశంలో ద్రవ్యోల్బణం 7.44 శాతానికి ఎక్కింది. ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే టమాటా ధర నేలకు దిగింది. ధర ఎగిరినా పడినా నష్టపోయేది వెనక డబ్బు లేని మనిషే.

మెహంగాయికి దేశం వేసే దవా ఏమిటి? 2016లో చట్టం మార్చి, ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర ఉంచే బాధ్యత రిజర్వు బ్యాంకుకు అప్పగించారు. అటూ ఇటూ రెండు శాతం సడలింపు ఇచ్చారు. బ్యాంకు చేతిలో ఉన్న పెద్ద పరికరం వడ్డీ. 2022 ఏప్రిల్‌లో ద్రవ్యోల్బణం 7.79 శాతం అయ్యాక, మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో రేటును 4 నుంచి 6.5 శాతానికి పెంచారు. వడ్డీ పెరిగితే జనం తక్కువ అప్పు చేస్తారు, తక్కువ కొంటారు. వ్యాపారి కొత్త మిషన్ వాయిదా వేస్తాడు, కొత్త కుర్రాణ్ణి పనిలో పెట్టుకోవడం కూడా వాయిదా వేస్తాడు. గిరాకీ చల్లబడి ధరలు నెమ్మదిస్తాయి. ఈ దవా చేదు అక్కడే ఉంది. ధరల జ్వరం దింపడానికి కొంత రోజ్గార్‌ను ఖర్బాన్ చేస్తారు. ఎవరి రోజ్గార్? ఇంకా పని దొరకనివాడిది, పని పక్కాగా లేనివాడిది.

ఫిలిప్స్ అనే ఆర్థికవేత్త 1958లో బ్రిటన్ లెక్కలు, 1861 నుంచి 1957 దాకా ఉన్నవి, పరిశీలించి ఒక సంగతి చూపించాడు. నిరుద్యోగం తక్కువున్న ఏళ్ళలో జీతాలు వేగంగా పెరిగాయి, ఎక్కువున్న ఏళ్ళలో నెమ్మదించాయి. త్రాసులో రెండు తట్టల్లా అన్నమాట. మన దగ్గర ఈ త్రాసు అంత సాఫీగా తూగదు. మన మెహంగాయిలో పెద్ద భాగం వానల నుంచి, చమురు నుంచి వస్తుంది. వడ్డీ పెంచితే టమాటా కాయదు. ఇక మన పనివాళ్ళలో సగానికి పైగా జీతగాళ్ళే కాదు. ఇక్కడే రెండో అంకె దగ్గరికి వస్తాం.

నిరుద్యోగం అంటే ఉద్యోగం లేకపోవడం. బేరోజ్గారీ అంటే రోజీ లేకపోవడం. ఒకటే అనిపిస్తుంది, కాదు. ప్రభుత్వ శ్రామిక సర్వే ప్రకారం 2017-18లో నిరుద్యోగం 6.1 శాతం, 2023-24లో 3.2 శాతం. సగానికి తగ్గింది. మరి ఆ తగ్గినవాళ్ళంతా ఎక్కడ చేరారు? అదే సర్వేలో జవాబుంది. స్వయం ఉపాధిలో ఉన్నవాళ్ళ వాటా 52.2 శాతం నుంచి 58.4 శాతానికి పెరిగింది. నెల జీతం ఉన్నవాళ్ళ వాటా 22.8 నుంచి 21.7కి తగ్గింది. వ్యవసాయం మీద ఇంకా 46 శాతం మంది ఆధారపడి ఉన్నారు. ఫ్యాక్టరీల్లోకి, ఆఫీసుల్లోకి జనం తరలిపోతే దాన్ని తరక్కీ అంటాం. మన దగ్గర కొత్తగా పని దొరికినట్టు లెక్కకెక్కినవాళ్ళలో ఎక్కువమంది బండి పెట్టుకున్నారు, పొలంలో చెయ్యేశారు, ఇంట్లో మిషన్ ముందు కూర్చున్నారు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా స్పష్టం. పనిచేస్తున్నట్టు 2023-24లో నమోదైన ఆడవాళ్ళలో 36.7 శాతం మంది కుటుంబ వ్యాపారంలో, పొలంలో జీతం లేకుండా సాయం చేసేవాళ్ళు. భర్త కిరాణా దుకాణంలో పొద్దుటినుంచి రాత్రిదాకా పొట్లాలు కట్టే భాభీకి నెలాఖరున ఒక్క రూపాయి చేతికి రాదు. సర్వేలో మాత్రం ఆమె ఉపాధి ఉన్న మనిషే. ఆమె పనిని పనిగా గుర్తించడం సహీ. దాన్ని చూపించి "చూశారా, రోజ్గార్ ఎంత పెరిగిందో" అనడం ధోకా. వారం లెక్కలోనైతే ఆ వారంలో ఏ ఒక్క రోజైనా ఒక గంట పని దొరికితే చాలు, ఆ మనిషి నిరుద్యోగి కాదు.

నిజానికి గరీబుకు నిరుద్యోగిగా ఉండే తాకత్ లేదు. ఇంట్లో నాలుగు నెలలు తినడానికి ఉన్నవాడు ఆగి ఉద్యోగం వెతుక్కోగలడు. లేనివాడు మర్నాడే ఏదో ఒకటి పట్టుకుంటాడు, డిగ్రీ చేతిలో ఉన్నా డెలివరీ బండి ఎక్కుతాడు. 15 నుంచి 29 ఏళ్ళ వాళ్ళలో నిరుద్యోగం 10.2 శాతం ఉండగా మొత్తం అంకె 3.2 కావడం వెనక ఈ మజ్బూరీ ఉంది. "మా వాడు నికమ్మా" అని నలుగురిలో తిట్టే అబ్బాజాన్‌లకు ఇది చెప్పాలి. వాడు పనిదొంగ కాదు. వాడి చదువుకు తగ్గ పనులు పుట్టడం లేదు.

ఇందులో మన కౌమ్ వాటా ఎంతో 2006లోనే సచార్ కమిటీ రాసింది. ముస్లిం పనివాళ్ళలో స్వయం ఉపాధి మిగతావాళ్ళ కంటే ఎక్కువ. మన ఆడవాళ్ళ పని ఎక్కువగా ఇంటి గోడల మధ్యే సాగుతుంది. జరీ పని, బీడీలు, కుట్టుపని, మెకానిక్ షెడ్డు, పంక్చర్ దుకాణం, పండ్ల బండి. దేశంలో బేరోజ్గారీ తగ్గిందని చూపించే అంకె ఇలాంటి పనుల మీదే నిలబడి ఉంది. అందుకే ఇది మనకు పరాయి చర్చ కాదు.

ఇక మూడో అంకె, తరక్కీ. తరక్కీ అంటే పైకి ఎక్కడం. ఎవరు ఎక్కారు? 2025 జనవరి 31న కేంద్రం పార్లమెంటులో పెట్టిన ఆర్థిక సర్వేనే చూద్దాం. ధరల పెరుగుదల తీసేసి లెక్కిస్తే, స్వయం ఉపాధిలో ఉన్న మగవాళ్ళ నెల కమాయి 2017-18లో 9,454 రూపాయలు, 2023-24లో 8,591. ఆడవాళ్ళది 4,348 నుంచి 2,950కి పడింది. నెల జీతం తీసుకునే మగవాళ్ళది కూడా 12,665 నుంచి 11,858కి తగ్గింది. రోజు కూలీల సంపాదన మాత్రం కొంత పెరిగింది, అదీ చెప్పాలి. అదే సర్వే ఇంకో మాటా చెప్పింది: పెద్ద కంపెనీల లాభాలు జీడీపీలో వాటాగా చూస్తే 15 ఏళ్ళలో ఎన్నడూ లేనంత పైకి చేరాయని, జీతాలు మాత్రం వెనకబడ్డాయని. ఇవి ఏ విపక్షమో చేసిన ఇల్జామ్‌లు కావు, సర్కారు తన చేత్తో రాసుకున్న లెక్కలు.

అంటే ఆరేళ్ళలో దేశం పెరిగింది. సగానికి పైగా పనివాళ్ళ సంపాదనతో కొనగలిగే సరుకు తగ్గింది. రెండూ ఒకేసారి నిజం. మొత్తం పెరగడం వేరు, పంపకం వేరు. మనది ప్రపంచంలో నాలుగో పెద్ద ఆర్థిక వ్యవస్థ అని చెప్పుకుంటున్నాం. తలసరి ఆదాయంలో మనకంటే శ్రీలంక ముందుంది.

నేను తరక్కీకి దుష్మన్‌ను కాదు. జీడీపీ పడిపోతే ఏమవుతుందో 2020లో చూశాం. ఆ ఏడాది ఏప్రిల్-జూన్ నెలల్లో దేశ ఉత్పత్తి దాదాపు నాలుగో వంతు కూలిపోయింది. ముందు రోడ్డున పడింది మజ్దూర్లే. పెరుగుదల కావాలి. అయితే పెరుగుదలే ఇన్సాఫ్ అంటే ఒప్పుకోను.

ఏం చెయ్యాలి? కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు. ధరలు పెరిగితే సంపాదన కూడా పెరగాలన్న సూత్రం ఈ దేశంలో ఎప్పటినుంచో ఉంది. దానిపేరు కరువు భత్యం, మెహంగాయి భత్తా. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ధరల సూచీని చూసి ఏడాదికి రెండుసార్లు సవరిస్తారు. మంచిదే, తీసుకోవాల్సిందే. అదే బజారులో అదే బియ్యం కొనే జరీ పనివాళ్ళకు, ఇంట్లో నైటీలు కుట్టే ఆపాలకు ఆ సూత్రం ఎందుకు వర్తించదు? "ఇంటి పనికి రేటు ఎలా కడతాం?" అంటారు. బీడీ కార్మికులను చూడండి. వాళ్ళూ ఇంట్లోనే చుడతారు. 1966 చట్టం వాళ్ళను కార్మికులుగా గుర్తించింది. కనీస వేతనాల్లో వెయ్యి బీడీలకు ఇంత అని రేటు, దానిమీద కరువు భత్యం ఉన్నాయి. అమలులో లోపాలు లేవనను. రేటు కట్టడం సాధ్యమేనని మాత్రం తేలిపోయింది. బీడీకి కట్టగలిగినవాళ్ళు జాకెట్‌కు, దుపట్టాకు కట్టలేరా?

కాబట్టి నా డిమాండ్లు రెండే. ఒకటి, జీడీపీ అంకె విడుదల చేసే ప్రతిసారీ ధరలు తీసేసిన అసలు కమాయి ఎంతో దాని పక్కనే ప్రకటించాలి. మా పత్రికలవాళ్ళు కూడా ఆ రెండూ ఒకే హెడ్డింగ్‌లో పెట్టాలి. రెండు, ఇంట్లో పీస్ లెక్కన చేసే ప్రతి పనికీ కనీస రేటు కట్టి, దాన్ని ధరల సూచీకి ముడిపెట్టాలి.

మన వంతుగా చేసుకోవాల్సింది కూడా ఉంది. పీస్ రేటు ఎప్పుడు ఎంత ఉందో ఒక నోటుబుక్కులో తారీఖు వేసి రాసుకోండి. మధ్యలో సరుకు తెచ్చిచ్చే ఏజెంటుతో రేటు గురించి ఒక్కరే మాట్లాడకండి. గల్లీలో ఆ పని చేసే పదిమందీ కలిసి మాట్లాడండి. ఓట్ల కోసం వచ్చినవాడు తరక్కీ గురించి తఖ్రీర్ మొదలుపెడితే ఆ నోటుబుక్కు తెరిచి చూపించండి. "అయిదేళ్ళ కిందట దుపట్టాకు ఇంత ఇచ్చేవారు, ఇప్పుడూ అంతే ఇస్తున్నారు. నూనె ధర మాత్రం ఇంత పెరిగింది. ఈ తేడా ఎవరి జేబులోకి పోయింది సాబ్?" అని అడగండి.