మన పిల్లల చేతులు ఎందుకు ఆగిపోతున్నయి?

మన వాడల నుంచి ఒక పిల్ల డాక్టరు చదువుకు పోతే ఊరంతా చెప్పుకుంటం. ఇంజనీరింగుకు పోతే ఫ్లెక్సీ కడ్తం. ఫ్యాషన్ డిజైన్ చదువుతున్న అంటే మాత్రం 'గదేం చదువు బిడ్డా, కుట్టుమిషన్ నేర్సుడుకు నాలుగేండ్లా?' అంటం. బోథ్ దిక్కు ఊర్లల్ల ఈ మాట మనోళ్ల నోటనే విన్నం. గిది కూడా ఉద్యమం సంగతేనా అని కొందరు కార్యకర్తలు నొసలు ముడవొచ్చు. ముందు చదవండి, తర్వాత తిట్టండి.

హైదరాబాద్ మాదాపూర్ల 'నిఫ్ట్' 1995 నుంచి నడుస్తున్నది. కేంద్ర సర్కారు సంస్థ. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు. గీసే చెయ్యి, ఆలోచించే బుర్ర ఉన్నయా అని పరీక్ష పెట్టి మరీ తీసుకుంటరు. అంటే మన పిల్ల ఎవరి దయతోనో పోలేదు, గెలిచి పోయింది. గసొంటి చదువులకు గెలిచి పోయిన పిల్లే రెండో ఏడో మూడో ఏడో వచ్చేసరికి పెన్సిలు ముట్టదు. కాగితం ముందర పెట్టుకొని తెల్లందాక కూసుంటది, గీత పడదు. ఏం గీసినా ఎవరో గీసిందే అనిపిస్తది. తిండి సయించదు. ఇంగ్లీషుల దీన్ని 'బర్నవుట్' అంటున్నరు. మన మాటల చెప్తే, దీపంల నూనె అయిపోయినంక వత్తి కాలుడు. ఇది జబ్బు కాదు, పని చోట ఎడతెగని ఒత్తిడిని సంభాళించలేకపోతే వచ్చే స్థితి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019ల చెప్పింది. కొలువు చేసేటోళ్ల గురించి రాసిన మాట అది. చదువు పని కాదా మరి?

ఒత్తిడి అందరికీ ఉంటదంటరు. నిజమే, ఆ చదువే అసొంటిది. రాత్రులు కుట్టాలె, విప్పాలె, మళ్ల కుట్టాలె. సెమిస్టరు చివర జ్యూరీ ముందర నిలబడి ప్రతి కుట్టుకూ జవాబు చెప్పాలె. కాని అందరికీ ఒక్కతీరుగనే ఉంటదా? తప్పు కోస్తే ఇంకో నాలుగు మీటర్లు కొనుక్కునే పిల్లకు కత్తెర అంటే భయం లేదు. మన పిల్ల గుడ్డ మీద కత్తెర పెట్టేముందు, ఇది అమ్మ ఎన్ని దినాలు పత్తి ఏరిన కూలి అని లెక్క కట్టుకుంటది. లెక్క కట్టుకునే చెయ్యి కొత్తది ఎట్ల చేస్తది? కొత్తది చెయ్యాలంటే గుడ్డ పాడు చేసే హక్కు కావాలె. ఆ హక్కు పైసలున్నోళ్లకే ఉన్నది. ఇగ స్కాలర్‌షిప్ సంగతి మీకు తెల్వంది కాదు. మంజూరైందంటరు, ఖాతాల పడదు. హైదరాబాద్ యూనివర్సిటీల రోహిత్ వేములకు కూడా ఫెలోషిప్ పైసలు నెలల తరబడి ఆగినయి. 2016 జనవరి 17న ఏమైందో మనం మరువలేదు.

పైసలు ఒకటైతే దాచుకునుడు ఇంకోటి. ఇంటిపేరు దాచుడు, ర్యాంకు దాచుడు, నాయిన ఏం పని చేస్తడో దాచుడు, ఇంగ్లీషు రానప్పుడు నవ్వి తప్పించుకునుడు. పొద్దంతా ఈ కాపలా కాసిన మనిషికి రాత్రి బొమ్మ గీయ ఓపిక ఎక్కడిది? పిల్ల ఒక్కతే రెండు కొలువులు చేస్తున్నది. అందుల ఒకదానికే మార్కులు పడ్తయి.

ఇంతకూ నేత ఎవరిది? మన ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల నేతకానోళ్ల పేరులనే నేత ఉన్నది. మాలలు ముతక గుడ్డ నేసిన్రు, మిల్లు గుడ్డ వచ్చి మగ్గం గుంత పూడింది. తోలును మెత్తగ చేసే విద్య మాదిగలది. డిజైన్ కాలేజీలు పిల్లలను చేతిపనుల ఊర్లకు పంపి, చూసి రాసుకొని రమ్మంటయి. మన పిల్ల ఆ లెక్కన తన ఇంటికే తను పరిశోధనకు పోవాలె! నవ్వులాటకు అంటలేం. పారిస్, మిలాన్ బొమ్మల పుస్తకాలు తిప్పి తిప్పి అలసిన కండ్లకు అవ్వ కుట్టిన బొంత ఒక డిజైన్‌గ కనపడాలె గదా.

అమెరికాల అలబామా రాష్ట్రంల జీస్ బెండ్ అని నది మలుపుల ఒక పల్లె ఉన్నది. పత్తి తోటల్ల బానిసలుగ చేసిన నల్లవాళ్ల వారసులు ఉంటరు. చలికి తాళలేక చిరిగిన పని బట్టలు కోసి ఆడోళ్లు బొంతలు కుట్టుకున్నరు. 1962ల ఓటు హక్కు కోసం కదిలినందుకు నది దాటే పడవ బంద్ చేసిన్రు. అది మళ్ల నడిచింది 2006లనే. ఆ బొంతలు 2002ల న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలెక్కినయి. మన దగ్గర, ముంబైల సుధీర్ రాజ్‌భర్ ధారావి తోలుపనోళ్లతోని కలిసి పారేసిన రబ్బరుతో సంచులు చేయించి, తిట్టుగ వాడే మాటనే తీసుకొని 'చమార్ స్టూడియో' అని పేరు పెట్టిండు. మహారాష్ట్రల 2015ల గోవధ నిషేధ చట్టం వచ్చి తోలు పని కుంటువడ్డ తర్వాత ముచ్చట ఇది.

బట్ట అంటే సోకు అనుకునేటోళ్లకు ఒక్కటి యాది చేస్తం. గడీ ముందర చెప్పులు చేతవట్టుకొని నడిచిన కాలం మన తాతలది. తిరువాన్కూరుల నాడార్ ఆడోళ్లు రొమ్ము మీద గుడ్డ కప్పుకునే హక్కు కోసం కొట్లాడితే 1859ల రాజు ఒప్పుకోవాల్సి వచ్చింది. 1927 డిసెంబర్ల మహద్ల బాబాసాహెబ్ ఆడోళ్లను కూసోబెట్టి, అంటరానోళ్లని గుర్తువట్టే తీరు చీరకట్టూ ఆ బరువు వెండి నగలూ వదిలిపెట్టమని చెప్పిండు. ఎవరు ఏం కట్టాలె అన్నది ఈ దేశంల కులం రాసిన చట్టం. దాన్ని తిరగరాసే చదువును 'కుట్టుమిషన్' అని ఎగతాళి చేస్తమా?

బిడ్డా, చెయ్యి ఆగితే నీకు చేతకాదని కాదు. ముందు నిద్రపో, రెండు రాత్రులు. తర్వాత మార్కులకు లెక్కకు రానిది ఒకటి చెయ్యి, పాత చీరె అంచుతోని సంచైనా సరే. గడువు పెంచమని అడుగు, అది అడుక్కునుడు కాదు. నీ తీరుగ దాచుకుంటున్నోళ్లు ఆ క్యాంపస్ల ఇంకా ఉంటరు, ఎతుక్కో. మనసు మరీ బరువైతే 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటరు. 2022 నుంచి సర్కారే నడుపుతున్నది, పైసలు పడవు, తెలుగుల మాట్లాడతరు.

అమ్మానాయినలారా, ఇంటికొచ్చిన పిల్లను 'కొలువు ఎప్పుడొస్తది' అని వచ్చిన దినమే అడగకండి. 'చేతకాకపోతే వచ్చెయ్' అని కూడా అనకండి. వారం దినాలు తిననియ్యండి, పండనియ్యండి. బొంత కుట్టేటప్పుడు పక్కన కూసోనియ్యండి.

సంఘం కార్యకర్తలకు ఒక పని. మీ మండలంల ఇసొంటి చదువులకు పోయిన పిల్లలెవరో పేర్లు రాయండి. ఎవరి స్కాలర్‌షిప్ ఎన్ని నెలల నుంచి ఆగిందో రాసుకొని, ఆ కాగితం పట్టుకొని జిల్లా ఎస్సీ సంక్షేమ అధికారి దగ్గరికి నలుగురు పోండి. ఫీజు ఇస్తే సరిపోదు, గుడ్డకూ దారానికీ రంగులకూ వేరే పైసలియ్యాలె అని రాతపూర్వకంగ అడగండి. జవాబు రాకుంటే మల్లా సోమవారం ప్రజావాణిల పెట్టండి.